మరల సముద్రపు ఒడ్డుకు

(కుటుంబ అధ్యయన పాఠము)



2004 డిసెంబరు 26, ఆదివారము. క్రిస్మస్ మరునాడు. మనము ఉదయ ఆరాధనకు సిద్ధపడుచున్న వేళ, సుమత్రా దగ్గర కలిగిన భూకంపము వలన లేచిన అలలు చెన్నై తీరమును తాకినవి. మెరీనాలో నడకకు వచ్చినవారు, ఇసుకలో ఆడుకొనుచున్న పిల్లలు, ఒడ్డున కాపురమున్న జాలరి కుటుంబములు ఆ నీటిలో చిక్కుకొనిరి. తమిళనాడులో సుమారు 8,000 మంది మరణించిరి.

ఆ దినమున ఏడేండ్ల పిల్లగా ఉండి, నీటిలోనుండి బ్రతికి బయటపడిన ఒకామెను తలంచుకొనుడి. నేడు ఆమె ఒక తల్లి. సెలవులలో పిల్లలు "అమ్మా, బీచికి వెళ్దాము" అని అడిగినప్పుడెల్లా ఏదో ఒక సాకు చెప్పును. కారణము ఎవరికీ చెప్పదు. పిల్లలకు మాత్రము అమ్మ భయము తెలిసిపోవును. చెప్పని భయము కూడ పిల్లలకు ఆస్తివలె సంక్రమించును. ఈ పాఠము అట్టి ఇంటి కొరకు.

1. తప్పించుకొనుట వలన ఏమగును?

భయపడిన చోటికి పోకుండుట వలన ఆ పూటకు నెమ్మది కలుగును. అయితే "అక్కడికి పోలేదు గనుకనే బ్రతికితిని" అని మనసు నేర్చుకొనును. భయము మరింత వేరూనును. అదే చోట, నమ్మకమైనవారి ప్రక్కన, ఏ కీడు కలుగకుండ ఒక గంట గడిపినయెడల మనసు క్రొత్త సంగతి నేర్చుకొనును. పాత జ్ఞాపకము చెరిగిపోదు గాని దాని ప్రక్కన మరియొక జ్ఞాపకము వచ్చి కూర్చుండును. మనోవైద్యులు ఈ మార్గముననే, కొంచెము కొంచెముగా, భయమును ఎదుర్కొనుట నేర్పుదురు.

2. నయోమి ప్రయాణము

రూతు గ్రంథము మొదటి అధ్యాయము చదువుడి. నయోమి కూడ మనవలె వలస వెళ్లినది. కరవు వలన బేత్లెహేము విడిచి మోయాబు చేరి, అక్కడ భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొన్నది. తిరిగి వచ్చినప్పుడు తన చేదును దాచలేదు. తనను మారా అని పిలువుమన్నది. రూతు ఆమెకు నీతులు చెప్పలేదు, ఏడవవద్దని గద్దింపలేదు. వెంట నడిచినది. గాయపడినవారితో ప్రయాణము చేయువారు నేర్చుకొనవలసినది ఇదియే.

మన ఇండ్లలో ప్రయాణమనగా పెండ్లికో, చావుకో, ఊరిలో పొలము సంగతికో. నెల్లూరుకు, ఒంగోలుకు రైలెక్కుదుము, పని ముగించుకొని తిరిగి వత్తుము. కలిసి ఉండుట కొరకే ఒక దినము వెచ్చించుట దుబారా అనుకొందుము. అది దుబారా కాదు.

3. మెట్టు వెంట మెట్టు

పైన చెప్పిన తల్లి కుటుంబము ఏమి చేయవచ్చును? మొదట ఒక సాయంత్రము మెరీనా రోడ్డు ప్రక్కన, అలలకు దూరముగా కూర్చుండి, సుండల్ తిని రావచ్చును. అది అలవాటైన తరువాత ముట్టుకాడు వెళ్లవచ్చును. అక్కడిది ఉప్పుటేరు, సముద్రపు అలలు లేని నీరు. రక్షణ కోటు తొడుగుకొని అందరు ఒకే పడవలో కూర్చుండవచ్చును. ఆ తరువాత మహాబలిపురము. సునామీ అలలను తట్టుకొని నిలిచిన తీర దేవాలయమును పిల్లలకు చూపి, ఆనాడు జరిగినది అమ్మ తన నోట చెప్పవచ్చును. చివరకు అలలో పాదములు తడుపుట.

ఒక్కొక్క మెట్టుకు నెలలు పట్టవచ్చును. ఎప్పుడు వెళ్లవలెనో, ఎప్పుడు తిరిగి రావలెనో గాయపడినవారే నిర్ణయింపవలెను. "ఇంత దూరము వచ్చి దిగవా?" అని భర్త గాని, అత్తగారు గాని బలవంతపెట్టినయెడల పాత గాయము మీద క్రొత్త గాయమగును. సగము దారిలో తిరిగి వచ్చినను అది ఓటమి కాదు.

4. సాహసము వేరు, తెగింపు వేరు

2011 డిసెంబరు 25న పులికాట్ సరస్సులో విహారమునకు వెళ్లినవారి పడవ బోల్తాపడి 22 మంది మరణించిరి. పరిమితికి మించి జనులున్న పడవ, రక్షణ కోట్లు లేని పడవ ఎక్కరాదు. ఎర్ర జెండా ఉన్నచోట నీటిలో దిగరాదు. భయమును పోగొట్టబోయి ప్రాణము మీదికి తెచ్చుకొనరాదు.

అన్ని గాయములకు ప్రయాణము చాలదు. నిద్ర పట్టకపోవుట, పీడకలలు మానకుండుట, చావవలెనను తలంపు కలుగుట జరిగినయెడల ముందు వైద్యుని యొద్దకు వెళ్లవలెను. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఇది అవిశ్వాసము కాదు, సిగ్గుపడవలసిన పనియు కాదు.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఇంటిలో అందరు తప్పించుకొని తిరుగు చోటు, మాట, తేదీ ఏది?

2. రూతువలె వెంట నడువవలసినవారు మనకెవరున్నారు?

3. ఈ సెలవులలో, పని ఏదియు లేకుండ, మనమందరము కలిసి వెళ్లగల ఒక చిన్న ప్రయాణము ఏది? మొదటి మెట్టును ఎవరు ఎంచుకొనవలెను?

ఈ మూడవ ప్రశ్నకు జవాబును కూడికలో చెప్పనక్కరలేదు. ఇంటికి వెళ్లి, భోజనము దగ్గర, నెమ్మదిగా అడుగుడి. జవాబు రాకపోయినయెడల మరియొకనాడు అడుగుడి.