ముల్లు తొలగకపోయినా



“నాకే ఎందుకీ లోపం?” అని మీరు ఎప్పుడైనా ప్రార్థనలో కన్నీరు కార్చారా? పునీత పౌలుగారు కూడా తన శరీరంలోని ముల్లును తీసివేయమని మూడుసార్లు ప్రభువును వేడుకొన్నారు (2 కొరింతీ 12:7-9). ముల్లు తొలగలేదు. దానిని భరించడానికి చాలినంత వరప్రసాదం మాత్రం లభించింది.

వరంగల్ జిల్లా కల్లెడలో పుట్టిన దీప్తి జీవంజికి పుట్టుకతోనే మేధో వైకల్యం ఉంది. ఊరివారు ఎగతాళి చేసినా, కూలి పనులు చేసుకొనే తల్లిదండ్రులు ఆమె చేయి వదలలేదు. 2024లో ఆ బిడ్డే పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం గెలిచింది.

మీ ఇంట ఇటువంటి బిడ్డ ఉంటే దాచకండి. ఈ ఆదివారం దివ్యపూజకు వెంట తీసుకురండి. మీ లోపాన్ని తీసివేయమని అడిగిన నోటితోనే, “ప్రభువా, దీనితో నేనేమి చేయాలి?” అని కూడా అడగండి.