పనుల్లో కలిపితే ఇంగ్లిష్ వస్తుంది

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. ఇంట్లో అంతా తెలుగే. వచ్చే ఏడాది ఇంగ్లిష్ మీడియం బడిలో చేర్చాలి. ఇప్పటినుంచే ఇంగ్లిష్ నేర్పాలా?
– ఓ తల్లి, నల్గొండ

జవాబు: నేర్పొచ్చమ్మా, కానీ పలకా బలపం పట్టించి కాదు. అన్నానికి ముందు ‘వాష్ యువర్ హ్యాండ్స్’ అంటూ చేతులు కడిగించండి. చేతులు తడుస్తుంటే అర్థం దానంతటదే తెలుస్తుంది. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో కాయ గిన్నెలో వేయిస్తూ ‘వన్, టూ, త్రీ’ అని లెక్కపెట్టండి. పాప మూడు తర్వాత ‘ఫైవ్’ అంటే ‘తప్పు’ అనకండి. మీరే ‘ఫోర్, ఫైవ్’ అంటూ మరో రెండు కాయలు వేయండి, చాలు. ఏ పనికి ఏ మాట వాడారో రోజూ అదే వాడండి. మొదట్లో కొన్ని వారాలు పాప వింటుందే తప్ప పలకకపోవచ్చు. కంగారు పడకండి, అది సహజమే.

చుట్టాల ముందు నిలబెట్టి ‘ఇంగ్లిష్‌లో చెప్పు’ అనడం మాత్రం వద్దు. బెదిరిన పిల్ల నోరు విప్పదు.

కథలు, కబుర్లు తెలుగులోనే సాగనివ్వండి. వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది. ఇంగ్లిష్‌కు రోజూ పది నిమిషాలు సరిపోతాయి.