తాను గెలువని పోటీని శిష్యునిచే గెలిపించిన గురువు

క్రొత్త ఉపాధ్యాయుడు వచ్చినపుడు తలిదండ్రులలో కొందరు, "ఆయనకు పరీక్షలో ఏ తరగతి వచ్చినదండీ?" అని నన్ను ముందుగా అడుగుదురు. అడుగవలసినదే. అయినను వారికి ఇవాన్ లెండిల్ కథ చెప్పవలెనని నాకు తోచుచుండును.

ఇతడు 1960లో చెకోస్లొవేకియాలోని ఆస్ట్రావా నగరమున జన్మించెను. తల్లిదండ్రులిరువురును టెన్నిస్ క్రీడాకారులే. 1981 మొదలు 1983 వరకు గ్రాండ్ స్లామ్ పోటీలలో నాలుగుసార్లు తుదియాటకు వచ్చి నాలుగుసార్లును ఓడెను. గుండెదిటవు లేనివాడని పత్రికలు వ్రాసెను. 1984లో పారిస్ నగరమున మెకన్రోకు మొదటి రెండు సెట్లు కోల్పోయియు, తక్కిన మూడును గెలిచెను. మొత్తము ఎనిమిది గ్రాండ్ స్లామ్ విజయములు. 270 వారములు ప్రపంచమున ప్రథమస్థానము.

వింబుల్డన్ మాత్రము దక్కలేదు. పచ్చికపై బంతి ఎత్తుగా లేవక జారిపోవును. వెనుకగీత కడ నిలిచి బలముగా కొట్టువానికి అది చిక్కు. ఆస్ట్రేలియా వాడైన టోనీ రోచ్‌ను గురువుగా పెట్టుకొనెను. (ఆ రోచ్ సైతము 1968లో వింబుల్డన్ తుదియాటలో ఓడినవాడే!) 1986లో బెకర్ చేతను, 1987లో క్యాష్ చేతను లెండిల్ ఓడెను. 1990లో ఫ్రెంచి పోటీని మానుకొని పచ్చికపైనే సాధన చేసెను. అయినను సెమీఫైనలు దాటలేదు. నడుమునొప్పిచే 1994లో ఆట విరమించెను.

2011 చివర స్కాట్లండు యువకుడు ఆండీ ముర్రే ఇతని నాశ్రయించెను. అతడును అప్పటికి మూడు తుదియాటలలో ఓడియుండెను. 2012లో వింబుల్డన్‌లో నాలుగవమారును ఓడి, మైదానముననే కంటతడి పెట్టెను. గురువునకు ఈ లెక్క క్రొత్తది కాదు. నాలుగు వారములకే అదే మైదానమున, తన్నోడించిన ఫెడరర్‌నే ఓడించి ముర్రే ఒలింపిక్ స్వర్ణము గెలిచెను. సెప్టెంబరులో అమెరికా పోటీని గెలిచెను. 2013 జూలై 7న జొకోవిచ్‌పై గెలిచి వింబుల్డన్ సాధించెను. 1936లో ఫ్రెడ్ పెర్రీ పిమ్మట 77 ఏండ్లకు బ్రిటిష్ పురుషునకు దక్కిన సింగిల్స్ విజయమది. వారిరువురు 2014లో విడిపోయి, 2016లో మరల కలిసిరి; ఆ యేడును ముర్రే వింబుల్డన్ గెలిచెను.

నాకు ముచ్చటగొలుపునది 2013 నాటి దృశ్యము. ముర్రే తనవారు కూర్చున్న చోటికి ఎగబ్రాకి, ఎన్నడును నవ్వని లెండిల్‌ను కౌగిలించుకొనెను. పిమ్మట మరలి పోవుచుండగా వెనుకనుండి కేక వినవచ్చెను. చిన్ననాట తనకు రాకెట్టు పట్టుట నేర్పిన తల్లి జూడీని మరచితినని అపుడు గ్రహించి, వెనుదిరిగి వచ్చి ఆమెను కౌగిలించుకొనెను.