కంటికి కానరాని లీకు: లోతు బావులను పరీక్షించు విధము

బావి యనగానే నీటిని పైకి తోడుకొనునట్టిదే మనకు స్ఫురించును. కాని వ్యర్థద్రవమును భూమి లోపలికి పంపుటకై త్రవ్వబడు బావులును కలవు. చమురుతో కూడ వెలువడు ఉప్పునీటిని, రసాయన కర్మాగారముల మురికి ద్రవములను ఇట్టి బావుల ద్వారా మిక్కిలి లోతుననున్న రాతిపొరలలోనికి పంపుదురు. అమెరికా సంయుక్త రాష్ట్రములందు ఈ పద్ధతి విస్తారముగా వాడుకలో నున్నది. ఇట్టి బావి కారుచున్నదో లేదో తెలిసికొను ఉపాయమొకటి ఈ పాఠమున వివరింపబడుచున్నది.

బావి నిర్మాణము

మనము త్రాగు నీరు సాధారణముగా భూమి పైపొరలలో నుండును. వ్యర్థద్రవము చేరవలసిన పొర దానికి చాల దిగువన నుండును. ఈ రెంటి నడుమ నీరు చొరరాని గట్టి పొర యుండవలయును. బావి ఆ గట్టి పొరను తొలుచుకొని పోవును గనుక, ఆ రంధ్రమును భద్రపరచుట ముఖ్యము. అందులకై ఉక్కు గొట్టమును దింపి, దానికిని రాతికిని నడుమ సిమెంటు నింపుదురు. దాని లోపల మరియొక సన్నని గొట్టముండును. ద్రవము దీనిలోనుండియే పోవును. రెండు గొట్టముల నడిమి సందును అడుగున ప్యాకరు అను బిరడాతో మూయుదురు.

లీకు రెండు విధములు

గొట్టము తుప్పుపట్టి చిల్లిపడుట, లేక బిరడా సడలుట మొదటి విధము. గొట్టములు చెక్కుచెదరకున్నను, వెలుపలి సిమెంటు పగుళ్లగుండ ద్రవము పైకి ప్రాకుట రెండవ విధము. మొదటిదానిని రెండు గొట్టముల నడిమి సందులో ఒత్తిడి పెట్టి, అది తగ్గుచున్నదేమో చూచి కనిపెట్టవచ్చును. రెండవది ఆ పరీక్షకు దొరకదు.

1968వ సంవత్సరమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఈరీ పట్టణమున ఒక కాగితపు కర్మాగారపు బావి చెడి, వ్యర్థద్రవము నేలపైకి ఎగజిమ్మెను. పైకి వచ్చినది గనుక అది కంటబడినది. భూమిలోనే త్రాగునీటిలో కలిసిన ద్రవము కంటబడదు. అదియే పెద్ద అపాయము.

అమెరికాలో త్రాగునీటి భద్రతా చట్టము 1974లోను, దాని ననుసరించి ఈ బావుల నిబంధనలు 1980లోను ఏర్పడినవి. లీటరు నీటిలో కరిగిన లవణములు 10,000 మిల్లీగ్రాములకు లోబడియున్న పొరలను సామాన్యముగా కాపాడవలసినవిగా ఎంచుదురు. అంతటి ఉప్పునీరు నేడు త్రాగుటకు పనికిరాకున్నను, శుద్ధిచేసికొని రేపటి తరమువారు వాడుకొనవచ్చును. అపాయకర వ్యర్థములను పంపు బావుల అడుగు సిమెంటును ఏటేట రేడియో ధార్మిక పదార్థముతో పరీక్షింపవలయునని నిబంధన కలదు.

పరీక్షించు విధము

నీటిలో రంగు కలిపి అది ఎటు పోవునో చూచుట మన మెరిగినదే. కాని వేల అడుగుల లోతున రంగును చూచువారెవరు? రేడియో ధార్మిక పదార్థము వెలువరించు గామా కిరణములు ఉక్కును దాటి రాగలవు. ఇట్టి పదార్థముతో జాడ తీయు పద్ధతిని జార్జి డి హెవెసీ 1923లో చిక్కుడు జాతి మొక్కలపై ప్రయోగించి చూపెను. 1943వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెలు బహుమానము ఆయనకు లభించినది.

బావి పరీక్షకు సాధారణముగా అయొడిను-131 వాడుదురు. దానిని కొద్దికొద్దిగా విడుచు పాత్రయు, గామా కిరణములను గుర్తించు సాధనములును గల పరికరమును తీగతో బావిలోనికి దింపుదురు. రాళ్లకు సహజముగనే కొంత ధార్మికత యుండును గనుక ముందుగా దానిని కొలిచి వ్రాసికొందురు. పిమ్మట ద్రవము లోనికి పోవుచుండగా అయొడినును విడిచి, దాని వెంట పరికరమును నడిపింతురు. అది నేరుగా క్రిందికి పోయి, నిర్ణీతమైన పొరలో ప్రవేశించినచో మంచిది. దారిలో ఒకచోట కొంత విడివడినచో అచట చిల్లి యున్నదని యనుమానింపవలయును.

తరువాత పరికరమును ఉక్కు గొట్టపు అడుగు కొనకు కొంచెము పైన నిలిపి మరల అయొడినును విడుతురు. అది క్రిందికి దాటునపుడు కొలత ఒకసారి పెరిగి తగ్గును. కొంతసేపటికి మరల పెరిగినచో, ద్రవము గొట్టము వెలుపలగా పైకి మరలినదన్నమాట. సిమెంటు చెడినదనుటకు ఇదియే సూచన.

దీనివలన హాని లేదా?

వాడు పరిమాణము స్వల్పము. అయొడిను-131 శక్తి ఇంచుమించు 8 దినములకొకసారి సగమగుచుండును. 80 దినములకు రమారమి వేయింట ఒకవంతు మాత్రమే మిగులును. థైరాయిడు గ్రంథి చికిత్సలో వైద్యులు వాడునది ఈ పదార్థమునే. అయినను దానిని శిక్షణ పొందినవారే జాగ్రత్తగా వాడవలయును.

ఈ పరీక్షకొక హద్దు కలదు. ఇది బావి చెంతనున్న దానినే తెలుపును. దూరమున మూయక విడిచిన పాతబావి గుండ ద్రవము పైకి వచ్చినచో ఇది తెలుపజాలదు. కావున చుట్టుపట్లనున్న పాతబావులను వెదకి మూయుటయు, భూగర్భజలమును పరీక్షించుచుండుటయు అవసరము.

మన దేశమున జాగ్రత్త

కర్మాగారపు మురికినీటిని సామాన్యమైన బోరుబావిలోనికి వదలుట ఈ పద్ధతి కానేకాదు. అట్టి బోరు మనము త్రాగు నీటి పొరలోనే ముగియును; అందు కాపుదలయు, పరీక్షయు నుండవు. అట్టి పని మీ గ్రామమున జరుగుచున్నట్లు తెలిసినచో కాలుష్య నియంత్రణ మండలికి తెలుపుడు. నీటి రంగు, వాసన, రుచి మారినచో పరీక్ష చేయించువరకు త్రాగకుడు. భూగర్భజలము ఒకసారి చెడిన పిమ్మట దానిని బాగుచేయుట బహుకష్టము.