స్టీరింగ్ ఊగితే కొనే ముందు కిందికి దూరి చూడు

చి॥ కార్తీక్‌కు,


నువ్వు పంపిన వీడియో చూశాను. ఐ-70 హైవే మీద వంతెన అతుకు దాటగానే స్టీరింగ్ చేతుల్లో అటూ ఇటూ కొట్టుకోవడం, వెనక సీట్లో పిల్ల ఏడుపందుకోవడం, వేగం బాగా తగ్గాక గాని బండి నీ మాట వినకపోవడం. కింద నువ్వు రాసిన ప్రశ్న ఒక్కటే: ‘ఏ స్టీరింగ్ డ్యాంపర్ కొనమంటావు బాబాయ్?’ ఇప్పుడు ఏదీ కొనకు. ఏది అరిగిందో తెలియకుండా సామాను కొంటే డబ్బు పోవడం ఒక్కటే కాదు, రోగం అలాగే ఉండి బాగైపోయిందన్న ధైర్యం వస్తుంది. నాకు భయం దాని గురించే.

కారణం దొరికేదాకా ఆ జీపును హైవే ఎక్కించొద్దు. పిల్లల్ని అందులో అసలే ఎక్కించొద్దు. ఊళ్లో తిప్పుతున్నప్పుడు మళ్లీ వస్తే ముందు యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యి. స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకో, కానీ దానితో కుస్తీ పట్టొద్దు. బొటనవేళ్లు లోపలికి పెట్టకు, చువ్వ తగిలితే వేలు విరుగుతుంది. బ్రేకు ఒక్కసారిగా తొక్కకుండా మెల్లగా వేస్తూ రోడ్డు పక్కకి తీసుకో.

ఆర్టీసీ డిపోలో నా ఉద్యోగమంతా బస్సుల కింద, పిట్‌లోనే గడిచిందని నీకు తెలుసు. బస్సుకైనా నీ రాంగ్లర్‌కైనా ముందు ఇరుసు ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే. బస్సుకు కమాన్ కట్టలు, నీ జీపుకు కాయిల్ స్ప్రింగులు. దానికి కింగ్ పిన్లు, దీనికి బాల్ జాయింట్లు. తేడా అంతే. ఇక్కడ డాలస్‌లో అల్లుడుగారిది కూడా నీలాంటి జేకే మోడలే కాబట్టి దీని అడుగుభాగం నాకు బాగా పరిచయం.

అసలు సంగతి అర్థం చేసుకో. కాయిల్ స్ప్రింగులు బరువు మోస్తాయి గాని ఇరుసును పక్కకి జరగకుండా పట్టుకోలేవు. ముందుకీ వెనక్కీ జరగకుండా నాలుగు కంట్రోల్ ఆర్ములు పట్టుకుంటాయి. పక్కకి జరగకుండా పట్టుకునేది ఒక్కటే కడ్డీ, ట్రాక్ బార్. దాని ఒక కొస డ్రైవర్ వైపు ఛాసిస్‌కి, రెండో కొస అవతలి వైపు ఇరుసుకి బిగించి ఉంటాయి. ఆ బోల్టు దగ్గర వెంట్రుకవాసి సందు ఉన్నా, గుంటలో పడ్డప్పుడు ఇరుసు మొత్తం పక్కకి కదులుతుంది. స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే డ్రాగ్ లింక్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాంతో నువ్వు తిప్పకుండానే చక్రాలు తిరుగుతాయి. తిరిగిన చక్రాలు ఇరుసును ఇటు లాగుతాయి, ఇరుసు మళ్లీ చక్రాలను అటు తిప్పుతుంది. ఇలా ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ పోతాయి. రెండు చక్రాలనూ టై రాడ్ కలిపే ఉంచింది కాబట్టి రెండూ కలిసే ఊగుతాయి. జీపు వాళ్లు దీన్ని డెత్ వాబుల్ అంటారు. రాంగ్లర్లకే వచ్చేది కాదు. 2005 నుంచి ముందువైపు కాయిల్ స్ప్రింగులతో వచ్చిన ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కుల మీదా ఇదే ఫిర్యాదు ఉంది.

నువ్వు అడిగిన డ్యాంపర్ పని ఆ ఊపును అణచడం. ఊపు పుట్టే చోటుతో దానికి సంబంధం లేదు. కొత్తది వేస్తే కొన్నాళ్లు ఆగుతుంది. ఆ కొన్నాళ్లూ వదులు బోల్టు రంధ్రాన్ని తింటూనే ఉంటుంది, అరిగిన జాయింటు ఇంకా అరుగుతూనే ఉంటుంది. 2019లో కంపెనీయే కొత్త జేఎల్ మోడల్ జీపులకు డ్యాంపర్ మార్చి ఇచ్చింది కదా అని నువ్వు అడగొచ్చు. అవి కొత్త బండ్లు, లిఫ్టు చేయనివి, అంటే ఎత్తు పెంచనివి. నీది మూడు అంగుళాలు లేపి, 35 అంగుళాల టైర్లు వేసి, రాళ్ల మీద తిప్పిన బండి. కీళ్లన్నీ గట్టిగా ఉన్న జేకే డ్యాంపర్ విప్పేసి నడిపినా ఇలా కొట్టుకోకూడదు. మెకానిక్‌గా నేను పట్టుకునే గీటురాయి ఇదే.

మొదట చక్రాలు చూసుకో. మోయాబ్ రాళ్ల దారుల నుంచి వచ్చాక రిమ్ముల లోపలి వైపు కడిగావా? ఎర్రమన్ను అక్కడ పేరుకుని గట్టిపడితే బ్యాలెన్సు పోతుంది, బయటికి కనపడదు. టైర్లలో గాలి తగ్గించి రాళ్లెక్కి, మళ్లీ నింపకుండా హైవే మీదికి రావడం కూడా మంచిది కాదు. కడిగి, గాలి సరిచేసి, నాలుగూ బ్యాలెన్సింగ్ చేయించు. ఇక్కడొక తేడా గుర్తుపెట్టుకో. బ్యాలెన్సు లేని టైరు ఒక వేగం దగ్గర వణుకుతుంది, ఆ వేగం దాటితే తగ్గుతుంది, స్టీరింగ్‌లో జివ్వుమంటుంది. నీ వీడియోలో ఉన్నది అది కాదు. ఒక్క కుదుపుతో మొదలై, బండి దాదాపు ఆగేదాకా వదలలేదు. అయినా చక్రాల సంగతి ముందు తేల్చుకోవాలి. ఎందుకంటే ఆ చిన్న వణుకే వదులు కీలు దొరికితే పెద్ద ఊపుకు నాంది పలుకుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి జాకీ పెట్టొద్దు. నాలుగు చక్రాలూ నేల మీదే, బరువంతా వాటి మీదే ఉండాలి. బండి పార్కులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకు అడ్డులు పెట్టు. లిఫ్టు ఉంది కాబట్టి నువ్వు హాయిగా కిందికి దూరొచ్చు. కోడల్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి ఇంజను స్టార్టు చేయించు. స్టీరింగ్‌ను కొద్దిగా ఎడమకి, కొద్దిగా కుడికి, ఆపకుండా, చక్రాలు నేల మీద తిరిగీ తిరగనట్టు ఊపమను. చక్రాలు పూర్తిగా తిప్పితే ఏమీ తెలియదు. తిప్పబోతూ దిశ మార్చే ఆ క్షణంలోనే వదులు బయటపడుతుంది.

నువ్వు కింద ఒక్కో కీలు దగ్గరా ఆగు. కంటితో చూడటం చాలదు, వేలు పెట్టు. రెండు ముక్కలు కలిసే చోట వేలు సగం దీని మీద, సగం దాని మీద ఉంచు. ఒకటి కదిలి రెండోది ఆలస్యంగా కదిలితే వేలికి టక్కుమని తెలుస్తుంది. వేళ్లు నలిగే సందుల్లో మాత్రం పెట్టకు, ఊపే మనిషికి నీ కేక వినపడాలి. స్టీరింగ్ బాక్సుకు బిగించి ఉండే పిట్‌మన్ ఆర్ము నుంచి మొదలుపెట్టి డ్రాగ్ లింక్ రెండు కొసలు, టై రాడ్ రెండు కొసలు చూసుకుంటూ రా. స్టీరింగ్ బాక్సు ఛాసిస్ మీద కదులుతోందా, అక్కడ పగుళ్లేమైనా ఉన్నాయా చూడు. తర్వాత ట్రాక్ బార్ దగ్గర తీరిగ్గా కూర్చో. నాకు అనుమానం అక్కడే.

బోల్టు తల చుట్టూ టార్చి వేసి చూడు. పెయింటు పోయి ఇనుము మెరుస్తూ సన్నటి వలయం కనపడినా, వాషరు అంచున కుంకుమలాంటి తుప్పు పొడి ఉన్నా, అక్కడ కదలిక ఉన్నట్టే. ఆ బోల్టు విప్పి రంధ్రం చూడు. గుండ్రంగా ఉండాల్సింది కోలగా సాగి ఉంటే ఎంత బిగించినా మళ్లీ వదులవుతుంది. అప్పుడు బ్రాకెట్‌కు గట్టి వాషరు వెల్డింగ్ చేయించాలి, లేదా బ్రాకెట్టే మార్చాలి. రంధ్రం బాగుంటే సరైన సైజు బోల్టు వేసి 125 ఫుట్-పౌండ్లకు టార్క్ రెంచితో బిగించు. చేతి అంచనా పనికిరాదు. ఒక విషయం చాలామంది మరిచిపోతారు: రబ్బరు బుష్‌లున్న ఏ బోల్టునైనా చక్రాలు నేల మీద ఉండి, బండి తన ఎత్తులో తాను నిలబడినప్పుడే చివరిగా బిగించాలి. ఇరుసు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, దించగానే రబ్బరు మెలికపడి కొద్ది రోజుల్లో చిరుగుతుంది. లిఫ్టు వేసిన షాపులో ఎలా బిగించారో నువ్వు చూడలేదు కాబట్టి కంట్రోల్ ఆర్ముల బోల్టులు కూడా వదిలి, నేల మీద మళ్లీ బిగించు.

బాల్ జాయింట్లకు మాత్రం జాకీ కావాలి. ఇరుసు కింద జాక్ స్టాండ్లు పెట్టకుండా ఒక్క జాకీని నమ్ముకుని కిందికి వెళ్లకు, ఇది ఆజ్ఞ అనుకో. టైరు నేలకు కొంచెం పైన ఉండగా కింద గడ్డపార పెట్టి ఎత్తి చూడు. ఆపైన టైరును పైనా కిందా పట్టుకుని ఊపు. వదులుంటే ఏది కదులుతోందో గమనించు: ఇరుసు కొసమీద చక్రాన్ని పట్టుకుని తిరిగే నకిల్ కదిలితే బాల్ జాయింటు, నకిల్ మీద హబ్బు కదిలితే వీల్ బేరింగు. 35 అంగుళాల టైర్ల బరువుకి కంపెనీ బాల్ జాయింట్లు తొందరగా అరుగుతాయి.

కీళ్లన్నీ గట్టిపడ్డాకే కొలతల జోలికి వెళ్లాలి. వదులు బండికి అలైన్‌మెంట్ చేయిస్తే ఆ కాగితం మీది అంకెలకు విలువ లేదు. కాస్టర్ అంటే సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలినట్టు నకిల్ వాలే కోణం. చక్రం తనంతట తాను తిన్నగా వచ్చేది దానివల్లే. జేకేకు కంపెనీ ఇచ్చేది దాదాపు 4.2 డిగ్రీలు. కంట్రోల్ ఆర్ములు పాతవే ఉంచి బండిని లేపితే ఇరుసు ముందుకు తిరిగి ఆ కోణం తగ్గుతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తిరిగి రావడం లేదని నువ్వు అన్నావు చూడు, అది దీని గుర్తే. అడ్జస్టబుల్ ఆర్ములతో గాని బ్రాకెట్లతో గాని మళ్లీ తేవచ్చు. కానీ మరీ పెంచితే ముందు డ్రైవ్ షాఫ్ట్ కోణం చెడుతుంది. ఐదు డిగ్రీలకు కాస్త అటూ ఇటూ నీకు చాలు.

టో-ఇన్, అంటే చక్రాలు ముందువైపు కొద్దిగా లోపలికి తిరిగి ఉండటం, నువ్వే కొలవొచ్చు. రెండు టైర్ల మధ్య దూరం ముందువైపు, వెనకవైపు, హబ్బు ఎత్తులో టేపుతో తీసుకో. ముందువైపు 1/16 నుంచి 1/8 అంగుళం తక్కువ ఉండాలి. స్టీరింగ్ తిన్నగా లేకపోతే డ్రాగ్ లింక్ స్లీవుతో సరిచెయ్యి. జేకేలో అది వంకరగా ఉంటే, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ బండి మలుపు తిరుగుతోందని పొరపడి తనే బ్రేకులు వేస్తుంది. లిఫ్టు వల్ల ఇరుసు డ్రైవర్ వైపుకి జరిగి ఉంటుంది, అడ్జస్టబుల్ ట్రాక్ బార్ వేస్తే మధ్యకు వస్తుంది. అది అందం కోసం చేసే పనే, ఇప్పుడు తొందరేమీ లేదు.

షాపుకి తీసుకెళ్తే ముందువైపు సామానంతా మార్చేద్దామంటారు. అన్నీ మారిస్తే రోగం పోవచ్చు, కానీ ఏది చెడిందో నీకు తెలియదు, రేపు మళ్లీ వస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలియదు. డిపోలో డ్రైవర్ లాగ్‌షీట్‌లో ‘స్టీరింగ్ ఊగుతోంది’ అని రాస్తే, స్టోరుకు ఇండెంట్ పెట్టే ముందు ఏ కీలు ఎంత కదిలిందో మెకానిక్ చేత రాయించేవాణ్ని. నువ్వూ అలాగే రాసుకో. ఒకసారికి ఒకటే మార్చి, నడిపి చూసి, తర్వాతది ముట్టుకో.

శనివారం పొద్దున కోడలికి తీరిక ఉంటుందేమో అడుగు. ట్రాక్ బార్ రెండు బోల్టుల ఫొటోలు దగ్గర్నుంచి తీసి పంపు. కోడలు ఊపుతుండగా ఇరుసు వైపు కొస కనపడేలా ఒక వీడియో, టేపుతో తీసిన రెండు కొలతలు, లిఫ్టు షాపువాళ్లు ఇచ్చిన బిల్లు కూడా పంపు. బిల్లులో కంట్రోల్ ఆర్ములు ఉన్నాయో లేవో చూస్తాను. పగుళ్లు కనపడితే ఆగకుండా వెంటనే ఫోన్ చెయ్యి. అప్పుడు బండిని నడపకుండా ఫ్లాట్‌బెడ్ మీదే వెల్డింగ్ షాపుకి పంపించాలి.

మీ అమ్మానాన్నలకు ఈ సంగతి నేనేమీ చెప్పలేదు.

ఇట్లు,
మీ బాబాయి