పోలవరపు బైపీసీ విద్యార్థికి జన్యుశాస్త్రము చూపు దారి

పాపికొండలను దాటి గోదావరి మైదానమునకు దిగుచోట నున్న పోలవరమునను, దాని వెనుక బుట్టాయగూడెము మొదలగు ఏజెన్సీ గ్రామములందును ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదువుచున్న బాలబాలికలలో పెక్కుమంది, డాక్టరు సీటు రాకున్నచో ఈ చదువంతయు వ్యర్థమేయని కుంగిపోవుట చూచినపుడు నాకు మిక్కిలి బాధ కలుగును. వారి పాఠ్యపుస్తకమందలి డి.ఎన్.ఎ. అధ్యాయము, గిరిజన కుటుంబములను తరతరములుగా వేధించుచున్న యొక వ్యాధి యొక్క మూలమును విప్పిచెప్పునట్టిది. ఆ వ్యాధిని గుర్తింపగల చేతులును, దానిని తెలియజెప్పగల నోళ్లును నేడు కావలసియున్నవి.

ఆ వ్యాధి సికిల్ సెల్ రక్తహీనత. డి.ఎన్.ఎ. యనునది ఎ, టి, జి, సి యను నాలుగు క్షారముల సుదీర్ఘమైన వరుస. అందొక ప్రోటీను నిర్మాణమునకు వలయు ఆదేశమును ధరించిన భాగము జన్యువు. మూడేసి క్షారములు కూడి యొక కోడాన్ అగును. ఇట్టివి 64 కలవు. వానిలో 61 కోడానులు 20 అమైనో ఆమ్లములను సూచింపగా, తక్కిన మూడును ప్రోటీను ముగియవలసిన చోటును తెలుపును. ఈ సంకేతమును ఛేదించినందుకే మన హరగోవింద ఖొరానాకు, నైరెన్‌బర్గ్, హోలీలతో కలిపి, 1968లో నోబెల్ బహుమానము లభించినది. 11వ క్రోమోసోముపైనున్న బీటా గ్లోబిన్ జన్యువున జి-ఎ-జి యనవలసినచోట జి-టి-జి యని యొకే యొక క్షారము మారినచో, గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలీన్ చేరును. అంతమాత్రముననే, ప్రాణవాయువు తగ్గినపుడు హీమోగ్లోబిన్ అణువులు గొలుసులై పేరుకొని, ఎర్రకణము కొడవలివలె వంగి, సన్నని రక్తనాళములలో చిక్కుకొని, భరింపరాని నొప్పులను కలిగించును. తల్లిదండ్రులలో నొకరినుండి మాత్రమే ఈ మార్పును పొందినవారు, అనగా వాహకులు, సాధారణముగా ఆరోగ్యవంతులే. పైగా వారికి మలేరియా తీవ్రతనుండి కొంత రక్షణ కలదు. మలేరియా ప్రబలిన సీమలలో ఈ మార్పు అంతరింపక నిలుచుటకు హేతువిదియే.

2023 జూలై 1న ఆరంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము 17 రాష్ట్రములలో ఏడుకోట్ల మందిని పరీక్షింప సంకల్పించినది. మొదట సాల్యుబిలిటీ పరీక్ష, పిమ్మట నిర్ధారణకు హెచ్.పి.ఎల్.సి. లేక ఎలక్ట్రోఫోరెసిస్, ఇవి ల్యాబ్ టెక్నీషియన్ చేయు పనులు. శీఘ్రముగా ఉద్యోగము కావలసినవారు ఇంటర్ పిమ్మట రెండేండ్ల డి.ఎమ్.ఎల్.టి. (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) చదువవచ్చును. ఇంకను చదువగలవారు బి.ఎస్సీ. ముగించి, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమందో హైదరాబాదున ఉస్మానియా యందో జన్యుశాస్త్రమున ఎమ్.ఎస్సీ. చేయవచ్చును. పరిశోధనయందు మనసున్నవారికి సి.ఎస్.ఐ.ఆర్.-నెట్ పరీక్ష ద్వారా జె.ఆర్.ఎఫ్. యను పరిశోధక వేతనమును సాధించినచో, హైదరాబాదులోని సి.సి.ఎమ్.బి., సి.డి.ఎఫ్.డి. వంటి సంస్థలలో పిహెచ్.డి.కి అవకాశము కలుగును. వైద్యవిద్య లభించినవారికి హైదరాబాదు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ డి.ఎమ్. కోర్సు కూడ కలదు.

వీటన్నిటికంటె మన ఏజెన్సీకి అత్యవసరమని నేను తలచునది జెనెటిక్ కౌన్సెలర్ వృత్తి. దంపతులిరువురును వాహకులైనచో, ప్రతి గర్భమునందును బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట నొక వంతు. మొదటి బిడ్డకు వచ్చినది గనుక తరువాతి ముగ్గురికిని రాదని తలపోయు తల్లికి, ప్రతిసారియు లెక్క మరల మొదటినుండి మొదలగునని ఓర్పుతో చెప్పవలెను. ఇందు ఆమె దోషము గాని, భర్త దోషము గాని లేదని నమ్మికతో చెప్పవలెను. వివాహమునకు ముందే రక్తపరీక్ష చేయించుకొనుటలో అవమానము లేదని పెద్దలను ఒప్పింపవలెను. పరాయిభాషలో చెప్పిన యెడల ఈ మాటలు చెవిని దాటి లోనికి పోవు. కావున ఇంట కోయభాష మాట్లాడు విద్యార్థి, ఇట్టి కొలువునకు దరఖాస్తు పెట్టునపుడు, తన మార్కులతోపాటు ఆ సంగతిని గూడ సంకోచింపక మొదటనే వ్రాయవలెను.