ముందు ఆర్డరు, తర్వాతే స్టాకు

మగవాళ్ల బట్టల బ్రాండ్ పెడతామంటూ సలహా అడిగే కుర్రాళ్లలో ఎక్కువమంది ముందుగా పేరు చెబుతారు. ఆ వెంటనే లోగో చూపిస్తారు. ఇన్‌స్టాగ్రామ్ పేజీ అప్పటికే తెరిచి ఉంటుంది. గుడ్డ ఎన్ని అంగుళాల పన్నా, ఒక చొక్కాకి ఎంత పడుతుంది, కాజాలు ఎవరు వేస్తారు అని అడిగితే మాత్రం పక్కవాడి మొహం చూస్తారు. బ్రాండ్ అనగానే వాళ్లకు గుర్తొచ్చేది విజయ్ దేవరకొండ 2018లో మొదలుపెట్టిన రౌడీ వేర్, లేదంటే మహేశ్‌బాబు పేరు మీద 2019లో వచ్చిన హంబుల్. ఆ రెండింటికీ బట్టకంటే ముందు మొహం ఉంది. కోట్లమంది గుర్తుపట్టే మొహం ఉన్నవాడు టీషర్టు మీద ఒక్క మాట అచ్చువేసినా అమ్ముడుపోతుంది. మన అనకాపల్లి జిల్లా మాకవరపాలెం కుర్రాడికి ఆ దారి లేదు, ఉందనుకుని అప్పు చేయకూడదు.

మనం చూడాల్సిన కథ తమిళనాడులోని తిరుపూరుది. 1983లో కె.ఆర్. నాగరాజన్ రామ్‌రాజ్ కాటన్ మొదలుపెట్టేనాటికి కుర్రకారు ప్యాంట్లకు అలవాటు పడిపోయారు, పంచె పెద్దవాళ్లదిగా మిగిలింది. ఆయన పట్టుకున్నది ఆ పంచెనే. చొక్కాలు, బనియన్లు, వెంకటేశ్‌తో ప్రకటనలు అన్నీ ఆ తర్వాతి సంగతులు. ఒకే వస్తువుని పట్టుకుని, దాని నేత, తెలుపు, అంచు క్షుణ్ణంగా తెలుసుకుని అమ్మడం చిన్న ఊరి నుంచి కూడా చేయగలిగిన పని. నన్నడిగితే మీ వస్తువు చొక్కా కావాలి. ప్యాంటు కుట్టడం కష్టం, వాపసులూ ఎక్కువ. టీషర్టుల్లో తిరుపూరుతో ధరలో పోటీపడలేం.

చొక్కా గురించి నేర్చుకోవడానికి మొదటి బడి మీ క్లాసురూమే. మాకవరపాలెం దగ్గర తామరంలోని ఇంజినీరింగ్ కాలేజీలో ఇంటర్వ్యూలు జరిగే రోజున వరండాలో నిలబడి చూడండి. మడతలు పెళపెళలాడే కొత్త చొక్కాలు కనిపిస్తాయి. సగం మందికి భుజం కుట్టు భుజం దాటి చేతి మీదికి జారి ఉంటుంది. రెడీమేడ్ కొనేటప్పుడు చూడాల్సిన మొదటి చోటు అదే. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. నడుం దగ్గర వదులుంటే ఏ టైలరైనా పక్క కుట్లు బిగించి ఇస్తాడు. చేతుల పొడవు తగ్గించొచ్చు. భుజం సరిచేయాలంటే మాత్రం చేతులు ఊడదీసి మళ్లీ ఎక్కించాలి, అందుకయ్యే కూలికి ఇంకో చొక్కా గుడ్డ వస్తుంది. అందుకే చాతీ చూసి సైజు తీసుకోవద్దు, భుజం చూసి తీసుకుని మిగతాది ఆల్టరేషన్ చేయించుకోండి. పై బొత్తం పెట్టాక కాలర్లో రెండు వేళ్లు దూరాలి. చేయి చాచితే కఫ్ మణికట్టు ఎముకని విడిచి పైకి పోకూడదు. ప్యాంటు అంచు బూటు మీద ఒక్క చిన్న మడత పడి ఆగాలి, కుప్పపడకూడదు.

రంగుల విషయంలో మన ఇళ్లలో నడిచే ఒక మాటని పక్కన పెట్టండి. చామనఛాయ వాళ్లకు ముదురు రంగులు నప్పవంటారు. నేవీ బ్లూ, మెరూన్, బాటిల్ గ్రీన్, మీగడ తెలుపు మన ఒంటి రంగు మీదే నిండుగా కనిపిస్తాయి. నప్పనివల్లా ఒంటి రంగులో కలిసిపోయే మట్టి రంగులు, కళ్లు చెదిరే నియాన్ రంగులు. ఇంటర్వ్యూకయితే లేత నీలం చొక్కా, ముదురు నీలం లేదా బూడిద రంగు ప్యాంటు, బెల్టూ బూట్లూ ఒకే రంగు చాలు. పల్చటి తెల్ల చొక్కా కింద బనియన్ గీతలు తేలకుండా ఒంటి రంగు బనియన్ వేసుకోండి.

ఇక ప్రయాణం. మాకవరపాలెంలో బస్సెక్కి తాళ్లపాలెం, అనకాపల్లి మీదుగా విశాఖ చేరేసరికి నూలు చొక్కా ఇస్త్రీ ఊసే ఉండదు, ఆపైన సముద్రపు గాలికి పట్టే చెమట. రెండే దారులు: టీషర్టుతో ప్రయాణించి చొక్కాని హ్యాంగర్‌కి తగిలించుకుని తీసుకెళ్లి అక్కడ మార్చుకోవడం, లేదా నూలు పాలు ఎక్కువున్న టెరీకాటన్ వేసుకోవడం. పూర్తి పాలిస్టర్ నలగదు కానీ మన వాతావరణంలో పది నిమిషాలకే వీపుకి అంటుకుపోతుంది. లినెన్ హాయిగా ఉంటుంది, కూర్చుని లేస్తే చాలు నలిగిపోతుంది. పెళ్లికి బాగుంటుంది, ఇంటర్వ్యూకి వద్దు.

ఈ సలహాలన్నీ మీ స్నేహితులకు ఊరికే ఇవ్వండి. ఎవరికి ఏ కంపెనీ సైజు ఎక్కడ పట్టేసింది, ఎక్కడ వేలాడింది రాసిపెట్టుకోండి. భుజం, చాతీ, పొట్ట, చేతి పొడవు, చొక్కా పొడవు, మెడ అనే ఆరు కొలతలు ఓ వందమందివి మీ నోటుపుస్తకంలో ఉన్నాయంటే మన ప్రాంతపు కుర్రాళ్ల ఒంటి తీరు గురించి పెద్ద కంపెనీల సైజు చార్టులో లేని సంగతి మీ దగ్గర ఉన్నట్టే.

చదువు దగ్గరికి వద్దాం. హైదరాబాద్ నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ) 1995 నుంచి నడుస్తోంది. ఇంటర్ తర్వాత బి.డిజైన్, గణితం చదివినవాళ్లకు ఫ్యాషన్ టెక్నాలజీ డిగ్రీ ఉన్నాయి, ప్రవేశ పరీక్ష రాయాలి. ఫీజు తేలిక కాదు. చేనేత మీద మక్కువ ఉన్నవాళ్లకు వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది. ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ, ఫ్యాషన్ డిజైన్ ట్రేడులు ఏడాది కోర్సులు. బ్యాంకుల ఆధ్వర్యంలో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు టైలరింగ్‌ని భోజనం, వసతితో ఉచితంగా నేర్పుతాయి.

అయితే ఈ రంగంలోకి వచ్చేవాళ్లు మన జిల్లాలోనే ఉన్న ఒక బడిని చూడనట్టు వదిలేస్తున్నారు. అచ్యుతాపురంలో శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ వెయ్యి ఎకరాల్లో పెట్టిన అపారెల్ సిటీ ఉంది. మిషన్ల మీద కూర్చునేవాళ్లలో అత్యధికులు ఆడపిల్లలే. ఆడపిల్లలు కంపెనీ బస్సెక్కి వెళ్లే కొలువులు కదా, అందులో మాకేముందిలే అనుకుంటారు మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్లు. దుస్తుల ఫ్యాక్టరీ అంటే కుట్టుమిషనొక్కటే కాదు. ఒక కాలరు ఎక్కించడానికి ఎన్ని సెకన్లు, ఒక లైన్లో ఎంతమంది ఉంటే గంటకి ఎన్ని ముక్కలు దిగుతాయి అని లెక్కగట్టే ఇండస్ట్రియల్ ఇంజినీరు, ప్యాటర్న్ మాస్టరు, కంప్యూటర్ మీద మార్కర్ వేసి గుడ్డ వృథా కాకుండా చూసేవాడు, క్వాలిటీ చెకర్, మిషన్ మెకానిక్, కొనుగోలుదారుకీ ఫ్యాక్టరీకీ మధ్య నడిచే మర్చండైజర్, ఇన్ని కొలువులుంటాయి. ఇలాంటి ఫ్యాక్టరీలో, అది ఇక్కడైనా తిరుపూరైనా, రెండేళ్లు జీతానికి చేసి బయటికొచ్చినవాడు సొంతంగా పెట్టిన యూనిట్‌కీ, కాలేజీ నుంచి నేరుగా వచ్చి పెట్టిన యూనిట్‌కీ తేడా మొదటి నెలలోనే తెలుస్తుంది. మొదటివాడికి గుడ్డ ఎక్కడ పోతుందో తెలుసు.

ఇప్పుడు డబ్బు లెక్క. ధరలు లెక్క కోసం అనుకున్నవే, మీ ఊరి రేట్లు వేసి మళ్లీ కట్టుకోండి. 58 అంగుళాల పెద్ద పన్నా గుడ్డ ఒక ఫుల్ హ్యాండ్ చొక్కాకి 1.6 మీటర్లు పడుతుంది. మీటరు 180 రూపాయలైతే 288. సైజుల ప్రకారం బల్క్‌గా కుట్టించినందుకు కూలి 150. బొత్తాలు, దారం, కాలర్లో బకరం, లేబులు 30. కవరు 20. మొత్తం 488. దాన్ని 999కి ఆన్‌లైన్లో పెట్టారు. సగానికి సగం లాభం అని ఇక్కడే చాలామంది సంబరపడతారు.

పది ఆర్డర్లలో రెండు తిరిగొచ్చాయనుకోండి. నిలిచిన ఎనిమిదింటి మీద వచ్చేది 7,992. ఆ ఎనిమిది చొక్కాల ఖర్చు 3,904, పదింటికి కొరియరు 70 చొప్పున 700, రెండింటి తిరుగు కొరియరు 140, ఆర్డరుకి 150 చొప్పున ప్రకటనల ఖర్చు 1,500. మిగిలింది 1,748, అంటే అమ్ముడైన చొక్కాకి 218. అసలు దెబ్బ ఇంకా తగల్లేదు. 50 చొక్కాలు కుట్టించారు, సైజుకి పది చొప్పున. మీడియం, లార్జ్ వారంలో పోయాయి. స్మాలూ డబుల్ ఎక్సెల్లూ కలిపి 12 అలమరలో ఉండిపోయాయి. అమ్మిన 38 మీద లాభం 8,284. ఉండిపోయిన పన్నెండింటిలో ఇరుక్కున్న డబ్బు 5,856. చేతిలో మిగిలింది 2,428 రూపాయలు. మీ తిరుగుడు, ఫోటోలు, మీ కూలి ఇందులో లేవు.

పక్కనే ఇంకో లెక్క. పెళ్లికొడుకు స్నేహితులు 12 మంది ఒకే రంగు చొక్కాలు కావాలన్నారు. ఒక్కొక్కరికీ కొలత తీయాలి కాబట్టి కుట్టుకూలి 150 కాదు, 250 ఇద్దాం. చొక్కాకి ఖర్చు 588. ధర 800. కొరియరు లేదు, ప్రకటన లేదు, వాపసు లేదు, మిగిలిపోయే సైజు అసలే లేదు. 9,600లోంచి 7,056 పోతే మిగిలేది 2,544. అడ్వాన్సుగా సగం తీసుకుంటే 4,800, గుడ్డ మొత్తానికి అయ్యేది 3,456. అంటే మీ జేబులోంచి పెట్టుబడి పెట్టకుండానే గుడ్డ కొన్నారు. యాభై చొక్కాలు కుట్టించి, నెలలు ఎదురుచూసి సంపాదించినదాని కంటే ఇది వంద రూపాయలు ఎక్కువే.

అందుకే మొదటి ఏడాది స్టాకు జోలికి వెళ్లొద్దంటాను. మన దగ్గర గుంపు ఆర్డర్లకు కొదవ లేదు. మాఘం, వైశాఖం పెళ్లిళ్లు, సంక్రాంతి, కొత్త అమావాస్యతో మొదలయ్యే అనకాపల్లి నూకాంబిక జాతర, కాలేజీ వార్షికోత్సవాలు, వినాయక చవితి కమిటీలు. ఆషాఢం ఖాళీగా ఉంటుంది, ఆ నెలలోనే కొత్త గుడ్డ తెచ్చి నమూనాలు కుట్టించుకోవాలి. సగం అడ్వాన్సు లేకుండా కత్తెర పట్టొద్దు. తోడల్లుడి తమ్ముడైనా సరే, అడ్వాన్సు అడ్వాన్సే. ఇచ్చిన తేదీకి మూడు రోజుల ముందు చొక్కాలు సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే పన్నెండు మందిలో ఒకరిద్దరికి ఆల్టరేషన్ తప్పదు.

గుడ్డ కోసం రాజమండ్రి తాడితోట, విజయవాడ వస్త్రలత హోల్‌సేల్ మార్కెట్లకి వెళ్లండి. తాను కొనే ముందు ఒక మీటరు తెచ్చి కొలిచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరాక మళ్లీ కొలవండి. ఎంత కురచైందో, రంగు దిగిందో లేదో అప్పుడే తెలుస్తుంది. కాస్త పేరు వచ్చాక చేనేత వైపు చూడండి. పాయకరావుపేట మగ్గాలు మన జిల్లాలోవే. మంగళగిరి నూలు చొక్కా గుడ్డకు పేరున్నదే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడతో ఏకి సన్ననూలు తీస్తారు, ఆ నూలు చొక్కా వేసుకున్నవాడు ఎక్కడ కొన్నావని అడిగించుకుంటాడు. చేనేతలో పన్నా తక్కువ, గుడ్డ ఎక్కువ పడుతుంది, ఆర్డరిచ్చాక ఆగాలి. వచ్చే వారం పెళ్లికి ఒప్పుకోకండి.

కాగితాలు పెద్ద భారం కాదు. చిన్న సంస్థలు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్లో మీరే చేసుకోవచ్చు, డబ్బులడిగే ఏజెంటు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ లోపలే సరుకు అమ్ముతూ ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇక్కడే ఒక మెలిక ఉంది. హైదరాబాద్‌లో ఉన్న మీ బావకి పార్సిల్ అమ్మారంటే అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టు, దానికి రిజిస్ట్రేషన్ కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు రెడీమేడ్ మీద పన్ను 5 శాతం, పైనయితే 18. బ్రాండ్ పేరు కాపాడుకోవాలంటే దుస్తులకు ట్రేడ్‌మార్క్ 25వ తరగతిలో దరఖాస్తు చేయాలి, వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్ ఫీజు 4,500. ఆర్డర్లు లేకుండా ఆ ఖర్చుకి తొందర లేదు.

అప్పు విషయానికొస్తే, ఇంట్లో తాతల నాటి కుట్టుపని ఉన్నవాళ్లకు పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ వృత్తి ఉంది. శిక్షణకు రోజుకి 500 భత్యం, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక 2 లక్షలు. ముద్ర పథకంలో శిశు రుణం 50 వేల దాకా. నాలుగైదు మిషన్లు పెట్టే స్థాయికి వస్తే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) చూడండి. ఇందులో పల్లెలో ఉండటం మీకు కలిసొస్తుంది. గ్రామీణ ప్రాంతంలో జనరల్ వర్గానికి ప్రాజెక్టు విలువలో 25 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకూ మహిళలకూ 35 శాతం రాయితీ. విశాఖలో అదే యూనిట్ పెడితే పది శాతం తగ్గుతుంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కుని వెళ్లండి. ఆ రాయితీ మీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాక అప్పులో సర్దుతారు. ఆ మూడేళ్ల కిస్తీలు ఎక్కడి నుంచి కడతావని మేనేజరు అడుగుతాడు. అప్పుడు టేబుల్ మీద పెట్టాల్సింది గుంపు ఆర్డర్ల అడ్వాన్సు రసీదుల పుస్తకం.